కొస వదిలితే తిరిగొస్తుంది

ఏసుకుమారికి లేసు అల్లడం రాదు. నరసాపురం అమ్మాయి అనగానే ఎవరైనా ముందు లేసు సంగతే అడుగుతారు కాబట్టి, ఆ మాట ఆమె ముందే చెప్పేసేది. ఆమెకు వచ్చింది అతుకు పని. రెండూ ఒకటి కావు. ఒక బల్లగుడ్డ తయారవ్వాలంటే ఒక ఇంట్లో చేమంతులు అల్లుతారు, పక్క పేటలో ఆకులు అల్లుతారు, ఇంకో ఊళ్ళో గుండ్రాలు. అల్లినవాళ్ళు ఒకరినొకరు ఎరగరు. గుడ్డ మొత్తం ఎలా ఉంటుందో కూడా వాళ్ళకు తెలియదు. ఏజెంటు అన్నీ మూటగట్టి తెచ్చి అతుకు మనిషి వాకిట్లో పోస్తాడు. ఆమె వాటిని ఒకదానికొకటి కలిపి, ప్రతి పువ్వుకీ వేలాడే దారం కొసను చివరి కన్నులోంచి లాగి ముడేసి, నాలుగు కుట్లలోకి దూర్చి, మిగిలింది కత్తిరిస్తుంది. ఎన్ని చేతులు అల్లాయో, ఏ చెయ్యి అతికిందో గుడ్డ మీద కనపడకూడదు. అదే పనితనం.

ఏసుకుమారి అమ్మమ్మ సువార్తమ్మ ఆ పేటలో అందరికన్నా శుభ్రంగా అతికేది. ఆవిడ నోట ఎప్పుడూ ఒకటే మాట, "కొస వదిలితే తిరిగొస్తుందే." దారం కొస పైకి కనబడితే కంపెనీవాళ్ళు సరుకు తిప్పికొడతారు, ఏజెంటు మళ్ళీ తెచ్చి మొహాన పడేస్తాడు అని ఆవిడ బాధ. మనవరాలికి ఏడో ఏట నుంచే సూది ఇచ్చింది. పిల్ల చదువుకోవాలని గునిస్తే ఆవిడ దానికీ ఒక ఉపాయం చెప్పింది.

"కళ్ళు నీ పుస్తకానికి పెట్టుకో. వేళ్ళు నాకియ్యి."

అలాగే జరిగింది. ఏసుకుమారి కప్ప గుండెకు గదులెన్నో, వానపాముకు గుండెలెన్నో చదువుకుంటుంటే, ఒళ్ళో వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయేవి. కరెంటు పోతే పుస్తకం మూసేది గానీ వేళ్ళు ఆగేవి కావు. చూడకుండా కొస పట్టుకోవడం, ముడెయ్యడం, దూర్చడం, కత్తిరించడం. జువాలజీ ఎమ్మెస్సీలో సీటు వచ్చి విశాఖపట్నం వెళ్ళిన రోజున సూదిని సువార్తమ్మ డబ్బాలోనే వదిలేసి, ఇంక ఈ జన్మలో ముట్టుకోనని మనసులో ఒట్టు పెట్టుకుంది.

ఆ ఒట్టు పదమూడేళ్ళు నిలబడింది. ఈలోగా చదువు పూర్తయింది, ఒక కాలేజీ లాబొరేటరీలో నాలుగేళ్ళ ఉద్యోగం అయింది, దయాసాగర్‌తో చర్చిలో పెళ్ళయింది. అతను ప్రొటీన్ల మీద పరిశోధన చేస్తాడు. అతని వెంట జర్మనీలోని హైడెల్‌బర్గ్ వచ్చింది, సహానా పుట్టింది. జర్మన్ నేర్చుకుని, రెండో పరీక్ష కూడా గట్టెక్కి, తొంభై రెండు దరఖాస్తులు పెట్టింది. తొంభై రెండింటికీ మర్యాదగా జవాబులొచ్చాయి. ఈ దేశంలో కాదనడం కూడా చక్కని కాగితం మీద అంటారు.

మిగిలిన చదువంతా పిల్ల మీద పెట్టింది. సహానాకు ఏడాదిన్నర అప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. రెండున్నర నిమిషాలు. ఏసుకుమారి గడియారం చూస్తూనే ఉంది. అప్పటినుంచీ పిల్లకు ఒళ్ళు వెచ్చబడితే చాలు, నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు తీస్తోందో లెక్కపెడుతుంది. చదువుకోని తల్లికి భయం ఒక్కటే ఉంటుంది. ఈమెకు భయంతో పాటు అంకెలు కూడా ఉన్నాయి.

సహానా వెళ్ళే కిటాలో, అంటే పసిపిల్లల బడిలో, వేసవి పండగ చేశారు. పిల్ల వేసుకున్న తెల్ల గౌనుకు నరసాపురం నుంచి వచ్చిన లేసు కాలరుంది. అక్కడో నడివయసు ఆవిడ, పిల్ల మెడ దగ్గర వంగి, ఆ కాలరు మెచ్చుకోవడం మానేసి దాన్ని తిరగేసి వెనకవైపు చూసింది. ఏసుకుమారి ఆ చెయ్యినే చూస్తూ నిలబడిపోయింది. లేసు తెలిసినవాళ్ళు మాత్రమే తిరగేసి చూస్తారు.

ఆవిడ పేరు నెస్లిహాన్. అదే కిటాలో ఆవిడ మేనకోడలుంది. తాత తుర్కీలోని ఇజ్మీర్ నుంచి మాన్‌హైమ్ ఫ్యాక్టరీకి కూలికి వచ్చినవాడు, ఆవిడ బొమ్మలు గీసి, శిల్పాలు కట్టి బతికే మనిషి. పదేళ్ళ కిందట, యుద్ధం నుంచి పారిపోయేవాళ్ళ పడవలన్నీ గ్రీసు దీవులకేసి పోతున్న వేసవిలో, ఇజ్మీర్‌లోనే ఉంది. దుకాణాల ముందు నారింజరంగు లైఫ్ జాకెట్లు మామిడిపళ్ళలా గుట్టలు పోసి అమ్మేవారట. కొన్నింటి లోపల నీళ్ళు పీల్చే స్పాంజి. మొదట ఆ జాకెట్లతోనే ఒక గది నిండా శిల్పం కట్టింది. జనం వచ్చి దాని ముందు నిలబడి నవ్వుతూ ఫోటోలు దిగారు. ఆ వారమే దాన్ని విప్పేసి, మళ్ళీ జాకెట్టు ముట్టుకోలేదు.

ఇప్పుడామె చేస్తున్నది లేసు. తుర్కీలో ఆడవాళ్ళు తలగుడ్డ అంచుకు సన్నగా అల్లుకునే లేసును ఓయా అంటారు. నోటితో అనకూడనిది ఆ అంచు మీద అల్లి చెప్పుకునేవారట. మొగుడి మీద కోపమొస్తే ఎర్ర మిరపకాయలు అల్లిన గుడ్డ కట్టుకుని వీధిలోకి వచ్చేదట ఇల్లాలు. నెస్లిహాన్ ఆ సముద్రం దాటి వచ్చిన రెండు వందల పద్నాలుగు మంది ఆడవాళ్ళను వెతికి పట్టుకుంది. ఒక్కొక్కరూ అరచేతంత ముక్క అల్లివ్వాలి. వాళ్ళు చెప్పుకోవాల్సింది అందులో ఉండాలి. ఆ ముక్కలన్నీ కలిపి, మాన్‌హైమ్‌లో పాత మిల్లు హాల్లో, నీళ్ళ అడుగునుంచి చూస్తే సముద్రం పైభాగం కనపడ్డట్టు కప్పు నుంచి వేలాడదీస్తుంది. ఒక పక్క మాత్రం ఒడ్డుకు కొట్టే అలలాగా కిందికి దిగుతుంది. పేరు కెనార్. అంచు అని అర్థం. గుడ్డకైనా సముద్రానికైనా వాళ్ళకు అదే మాట.

అల్లేవాళ్ళు దొరికారు. అతికేవాళ్ళు దొరకలేదు.

ఏసుకుమారి ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఇదంతా చెబితే దయాసాగర్ అన్నం కలుపుతూ విని, "ఓయా ఏంటి ఏసూ, ఎవర్నో పిలిచినట్టు" అన్నాడు. ఆమె నవ్వింది. ఆ తర్వాత అతను "నీ ఒట్టో?" అని అడిగాడు. తొంభై రెండు చోట్ల తన చదువు అడిగినవాళ్ళు లేరు, వద్దని పారేసుకున్న పని ఒకావిడ పిల్ల మెడ మీద చూసి గుర్తుపట్టింది. దానికి ఏడవాలో నవ్వాలో ఆమెకు తెలియలేదు. కానీ గోడ మీద అందరి పేర్లూ రాస్తానని నెస్లిహాన్ చెప్పిన మాట మాత్రం గుండెలో మెదులుతూనే ఉంది. సువార్తమ్మ అరవయ్యేళ్ళు అతికింది. ఒక్క గుడ్డ మీద కూడా ఆవిడ పేరు లేదు.

పిల్లను కిటాలో దింపి, ఐదో నంబరు ట్రామ్‌లో మాన్‌హైమ్ వెళ్ళి, రెండింటికల్లా తిరిగొచ్చేది. మిల్లు హాల్లో పొడవాటి బల్ల. గోడకు ఒక పెద్ద చార్టు. అతకడం పూర్తయిన ముక్క నంబరు ఎదురుగా నెస్లిహాన్ ఫెర్టిగ్ అని రాసేది, అంటే అయిపోయింది అని. నాలుగు రోజులకే వేళ్ళు పాత దారిలో పడ్డాయి. నెస్లిహాన్ పక్కన కూర్చుని చూసేది. నీ చేతులు నిన్నడగవు కదా అని ఒకసారి ఆశ్చర్యపోయింది. ఏసుకుమారి అది పొగడ్తనుకుంది.

అల్లినవాళ్ళు ముక్కలు ఇవ్వడానికి ఒక్కొక్కరే వచ్చేవారు. కొందరు నవ్వుతూ ఇచ్చిపోయేవారు. ఒకామె ఇచ్చాక మళ్ళీ తీసుకుపోయి వారానికి తెచ్చింది. అలా వచ్చినవాళ్ళలో సిరియా నుంచి వచ్చిన ఒకామె ఉంది. యాభై దాటిన మనిషి, బూడిదరంగు కోటు, మోకాలు నొప్పితో మెల్లిగా నడిచేది. అందరూ ఉమ్ బాసిల్ అని పిలిచేవారు. బాసిల్ అమ్మ అని. పెద్దకొడుకు పేరుతో తల్లిని పిలవడం వాళ్ళ మర్యాద. కిటా గుమ్మంలో తననూ సహానా అమ్మ అనే కదా అంటారు, ఏసుకుమారికి అందులో వింతేమీ కనపడలేదు.

మిగతా ముక్కలన్నీ తెల్ల నూలు. ఉమ్ బాసిల్ తెచ్చింది ఒక్కటే నీలం ఉన్ని. అది బాసిల్ స్వెట్టర్. పడవ ఎక్కేముందు స్వెట్టర్ మీద లైఫ్ జాకెట్టు పట్టలేదని విప్పి తల్లి సంచిలో పెట్టాడు. పదకొండేళ్ళవాడు. పడవ తిరగబడ్డాక తల్లి దొరికింది, సంచి దొరికింది, వాడు దొరకలేదు. దొరకలేదు అంటే పోయాడని ఆవిడ ఒప్పుకోదు. ప్రభుత్వ ఆఫీసు నుంచి మూడుసార్లు కాగితం వచ్చిందట, పిల్లవాడు చనిపోయినట్టు రాయించుకోమని. మూడుసార్లూ సంతకం పెట్టకుండా సొరుగులో పెట్టింది. ఆ స్వెట్టర్ విప్పి, ఆ దారంతో ఒక చదరం అల్లుతుంది, మళ్ళీ విప్పుతుంది, మళ్ళీ అల్లుతుంది. పదేళ్ళుగా అదే పని.

ఆవిడ ముక్కకు చివరి కన్ను ముడి లేకుండా తెరిచే ఉంది. అందులోంచి పొడుగ్గా కొస వేలాడుతోంది. ఏసుకుమారి చెయ్యి దానికేసి పోబోతే ఆవిడ మణికట్టు పట్టుకుని ఆపింది. ఆవిడది అరకొర జర్మన్, ఏసుకుమారిది పరీక్షల జర్మన్.

"నిష్ట్ ఫెర్టిగ్" అంది ఉమ్ బాసిల్. ఇంకా అయిపోలేదు.

ఆ తర్వాత చేతులతో, మాటలతో, మధ్యలో నెస్లిహాన్ సాయంతో చెప్పింది. బాసిల్ వస్తాడు. వచ్చి ఈ కొస పట్టుకుని లాగుతాడు. ఒక్క లాగుకి మొత్తం ఊడిపోయి మళ్ళీ దారమవుతుంది. ఇప్పుడు వాడికి ఇరవయ్యొకటో ఏడు, పాత దారం సరిపోదు, ఇంకొంచెం కలిపి కొత్త స్వెట్టర్ అల్లుతుంది. అందుకని ముడి వెయ్యకూడదు, కత్తిరించకూడదు. ఆవిడ ఆ కొసను తన మోచేతి నుంచి నడిమివేలి చివరిదాకా పరిచి చూపించింది. సరిగ్గా అంతే.

"మూర" అంది ఏసుకుమారి, అనుకోకుండా తెలుగులో.

"ధిరా" అంది ఆవిడ తన భాషలో. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు చూసుకున్నారు. ఒకటే కొలత.

ఆవిడ లేచి వెళ్ళబోతూ నీకు పిల్లలున్నారా, ఫోటో ఏదని అడిగింది. ఫోన్‌లో చూసి, వేలితో పిల్ల చెంప రాసి, "నువ్వూ తల్లివే. నీకు చెప్పక్కర్లేదు" అంది. ఏసుకుమారి ఆ ముక్కను విడిగా ఒక కవర్లో పెట్టింది. అన్నిటికన్నా చివర, అల కిందికి దిగే అంచున, కొస జనానికి అందేలా అతకాలని తనూ నెస్లిహానూ అనుకున్నారు. ఆ రోజు ట్రామ్‌లో ఆమెకు అమ్మమ్మ మాట గుర్తొచ్చింది. కొస వదిలితే తిరిగొస్తుంది. ఏ శాపానికి భయపడి తను ఇన్నాళ్ళూ కొసలు కత్తిరించిందో, ఆ శాపాన్నే ఒక తల్లి వరంగా పట్టుకుని కూర్చుంది.

శనివారం ప్రదర్శన మొదలు. గురువారం పదకొండింటికి కిటా నుంచి ఫోను. సహానాకు జ్వరం ముప్ఫై తొమ్మిది పాయింట్ రెండు, మన లెక్కలో నూట రెండున్నర. ఇంకా పన్నెండు ముక్కలున్నాయి. నెస్లిహాన్ అల అంచు పట్టీని, ఆ పన్నెండు ముక్కలున్న సంచిని ఆమె చేతికిచ్చి, ఇంట్లో అతికి తెమ్మంది. సంచిలో అడుగున ఆ కవరు. దాన్ని తను ముట్టుకోదు, శుక్రవారం ఇక్కడికి తెచ్చి, ఉమ్ బాసిల్‌ను పక్కన కూర్చోబెట్టుకునే అతుకుతుంది. అలా అనుకునే తీసుకెళ్ళింది.

పిల్లకు సిరప్ వేసి సోఫా మీద పడుకోబెట్టింది. దయాసాగర్‌కు ఫోన్ చేస్తే యంత్రం దగ్గర అతని వంతు నాలుగింటిదాకా ఉందన్నాడు, వదిలేస్తే మళ్ళీ నెలకు గానీ రాదు, మరీ అయితే వచ్చేస్తానన్నాడు. వద్దంది. కుర్చీ సోఫాకు ఎదురుగా జరుపుకుని ఒళ్ళో పట్టీ పరుచుకుంది. కత్తెర పిల్లకు అందకుండా కుడి తొడ కింద పెట్టుకుంది. పిల్ల పొట్ట మీద దుప్పటి లేస్తోంది, పడుతోంది. ముప్ఫై నాలుగు. పది నిమిషాలాగి మళ్ళీ. ముప్ఫై ఆరు. సహానా కళ్ళు సగం తెరిచి, "మామా, వాసర్" అని నీళ్ళడిగింది, రెండు గుక్కలు తాగి మళ్ళీ పడుకుంది. పిల్ల పెదవి ఒకసారి అదిరింది. ఏసుకుమారి లెక్క తప్పింది, మళ్ళీ మొదలుపెట్టింది. ఆ అదురు ఏమిటో చూస్తూ, ఇంకోసారి అదురుతుందా అని చూస్తూ, రెండున్నర నిమిషాలు, ఆ తర్వాత ఇంకో రెండున్నర, కళ్ళు తిప్పలేదు. కళ్ళు పిల్లకిచ్చింది. వేళ్ళు వాటి దారిన అవి పోతున్నాయి.

వేళ్ళకు ఉన్ని తగిలింది. నిజమే, తగిలింది. ఆ సంగతి తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమె తనను తాను వదిలిపెట్టుకోలేకపోయింది. ఉన్ని తగిలింది, కవర్లోంచి తీసిన చప్పుడు కూడా విన్నట్టే ఉంది. అంచుకు చేర్చి కలిపాక పొడవాటి కొస తగిలింది. అంత కొస వేలాడడమంటే ఆ వేళ్ళ లెక్కలో తప్పు. ఏడో ఏట నుంచి నేర్చిన తప్పు. కన్నులోంచి లాగాయి, బిగించాయి, నాలుగు కుట్లలోకి దూర్చాయి, తొడ కింద కత్తెర తీసి కత్తిరించాయి.

మూడున్నరకు సహానాకు చెమట పట్టింది. జ్వరం ముప్ఫై ఎనిమిది. ఊపిరి ఇరవై ఎనిమిది. ఏసుకుమారి దేవునికి స్తోత్రం చెప్పుకుని, ఒళ్ళో పడ్డ దారం ముక్కలు దులపబోయి చూసింది. తెల్లటివన్నీ గోరంత. వాటి మధ్య ఒక్కటే నీలం, పొడుగ్గా, పాములా చుట్టుకుని పడుంది.

అరవలేదు. పిల్ల లేస్తుందని. నేల మీద కూర్చుని, కుట్టుసూది మొనతో ఆ ముడి విప్పడం మొదలెట్టింది. నాలుగు కుట్లలోంచి దారాన్ని వెనక్కి తీసింది. బిగిసిన ముడి మీద సూది ఆడిస్తుంటే ఉన్ని పోగులు ఒక్కొక్కటే తెగాయి. ముడి వదిలేసరికి చివరి వరసలో రెండు కన్నులు ఊడిపోయాయి, వాటిని మళ్ళీ ఎత్తింది. ఇప్పుడు తెరిచిన కన్ను ఉంది, దాని నుంచి వేలెడు దారం ఉంది, విడిగా తెగిన కొస ఉంది. ఉన్ని పోగుకు చేప పొలుసుల్లాంటి పొలుసులుంటాయని, తడిచేసి వేడిగా రుద్దితే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయని ఆమె ఒకప్పుడు మైక్రోస్కోపు కింద పిల్లలకు చూపించేది. రెండు చివర్లూ విడదీసి, ఒకదాని మీద ఒకటి పరిచి, ఉమ్మితో తడిపి, అరచేతుల మధ్య పెట్టి రుద్దింది. చేతులు మండేదాకా రుద్దింది. అతుక్కుంది. అతుకు ఎక్కడుందో కనపడలేదు. ఆమె జీవితంలో అంత శుభ్రమైన అతుకు ఇంకోటి వెయ్యలేదు.

మోచేతి నుంచి కొలిచింది. రెండు వేళ్ళు తక్కువ.

దయాసాగర్ వచ్చాక చెప్పింది. అతను ముక్కను దీపం దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. తనకే తెలియడం లేదన్నాడు. పిల్ల జ్వరం మీద ఉంటే ఎవరి చెయ్యి మాత్రం మాటింటుందన్నాడు. చివరికి, "నువ్వు చెప్తే తప్ప తెలీదు ఏసూ" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. ఆ మాటకే ఆమె పట్టీ అతని చేతిలోంచి తీసుకుని మడిచి పెట్టేసింది.

శుక్రవారం పట్టీ తీసుకెళ్ళి ఇచ్చింది. ఉమ్ బాసిల్‌కు డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు ఉండి ఆ రోజు రాలేదు. నెస్లిహాన్ చూసి బాగుందంది. చార్టు మీద ఆ ఒక్క నంబరు దగ్గర ఫెర్టిగ్ అని రాయకుండా ఖాళీ వదిలింది. అది అయిపోకూడని ముక్క కాబట్టి.

శనివారం జనం బాగానే వచ్చారు. కింద చాపల మీద పడుకుని పైకి చూశారు. ఎవరూ ఫోటోలకు నవ్వలేదు. దయాసాగర్ సహానాను భుజాన వేసుకుని గోడ మీద పేర్లు చదువుతున్నాడు. రెండు వందల పద్నాలుగు పేర్ల తర్వాత, చివర, అతుకు అని తెలుగులోనే రాయించి, దాని పక్కన ఏసుకుమారి అని ఉంది. ఆమె దాన్ని ఒక్కసారి చూసి మళ్ళీ చూడలేదు. తలుపు వైపే చూస్తోంది.

ఉమ్ బాసిల్ వచ్చింది. కోటు ఇస్త్రీ చేసి ఉంది. తిన్నగా అల దిగే చోటికి నడిచింది. నీలం కొస ఆవిడ భుజమెత్తున వేలాడుతోంది. ఆవిడ దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని పైనుంచి కిందికి జార్చింది. ఒకచోట వేళ్ళు ఆగాయి. మళ్ళీ పైకి పోయి, మళ్ళీ అక్కడే ఆగాయి. పదేళ్ళు విప్పి అల్లిన వేళ్ళు. తర్వాత మోచెయ్యి ఎత్తి, కొసను దాని వెంట పరిచింది. నడిమివేలి చివరిదాకా రాలేదు.

"కుర్ట్స్" అంది ఏసుకుమారి వైపు తిరిగి. పొట్టి అయింది.

ఏసుకుమారి ఈ మాటకు రెండు రోజులుగా జవాబు తయారుచేసి పెట్టుకుంది. అది అబద్ధం కూడా కాదు, సైన్సే. ఉన్నికి తడి తగిలితే కుంచించుకుపోతుంది. దానికి సరిపడా జర్మన్ కూడా వెతుక్కుని కంఠతా పట్టింది. కానీ నోరు తెరిచేసరికి అందులో ఒక్క మాటే పైకొచ్చింది.

"వాసర్."

నీళ్ళు.

ఉమ్ బాసిల్ కొస వదలకుండా ఆమె మొహంలోకి చూసింది. "వాసర్?" అంది. ఇంకోసారి, ఇంకా మెల్లగా, "వాసర్?" అంది. ఆవిడ పెదవుల్లో రంగు పోయింది. అప్పుడు తెలిసింది ఏసుకుమారికి తనేమన్నదో. పదేళ్ళుగా ఆ తల్లి నీళ్ళలోకి పోనివ్వకుండా పట్టుకున్నవాణ్ణి తను ఒక్క మాటతో అక్కడికి తోసేసింది.

"కాదు. నీళ్ళు కాదు. నేను. నేను కత్తిరించాను" అంది. ముడి వేసినట్టు, కత్తిరించినట్టు, మళ్ళీ విప్పి అతికినట్టు చేతులతో చూపించింది. సహానాకు జ్వరమని చెప్పలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది గానీ, బతికున్న పిల్లను చూపించి ఆ తల్లిని క్షమాపణ అడగడం చేతకాలేదు.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండును. ఆ అతుకు దగ్గర బొటనవేలితో కాసేపు రాస్తూ నిలబడింది.

"ముడి వేశావు?"

"వేశాను."

"గట్టిగా?"

ఏసుకుమారి తలూపింది.

నెస్లిహాన్ పరుగున వచ్చింది. విషయం విని, ముక్క తీసి ఇచ్చేయమంటారా అని ఆవిడనడిగింది. తీస్తే పక్క ముక్కలు జారతాయి, పట్టీ మొత్తం ఊడుతుంది, అయినా తీస్తానంది. ఉమ్ బాసిల్ వద్దని చెయ్యి ఊపింది. కొస వదిలేసింది. అది కొంచెంసేపు ఊగి ఆగింది.

"ఫెర్టిగ్" అంది, ఎవరితోనూ కాదు. మోకాలు పట్టుకుంటూ మెల్లిగా తలుపు వైపు నడిచింది.

వారం తిరక్కుండా పేపర్లో రాశారు. రెండు వందల పద్నాలుగు ముక్కల్లో ఆ ఒక్క ముడిపడని నీలిదారమే ప్రదర్శనకు ప్రాణమని, ఆశ అనేది తెగదని అది చెబుతోందని. పెద్ద ఫోటో వేశారు. దయాసాగర్ ఆ పేపరు ఇంటికి తెచ్చి, ఆమె మొహం చూసి, మళ్ళీ బ్యాగులో పెట్టేశాడు.

నెలాఖరుకు నెస్లిహాన్ ఫోన్ చేసింది. ఉమ్ బాసిల్ ఆఫీసుకు వెళ్ళి ఆ కాగితం మీద సంతకం పెట్టిందట. తర్వాత మిల్లుకు వచ్చి, గోడ మీద తన పేరు మార్చమందట. ఇంక ఉమ్ బాసిల్ వద్దు, హనాన్ అని రాయమంది. అది ఆవిడకు పుట్టినప్పుడు పెట్టిన పేరు. ఏసుకుమారి తన పేరు ఆ గోడ మీంచి తీసేయమని అడిగింది.

"పేరు తీసేస్తాను. చేసింది ఎవరు తీస్తారు?" అంది నెస్లిహాన్. కోపంగా కాదు. ఆవిడ గొంతులో కోపానికి కూడా ఓపిక లేదు.

దయాసాగర్ ఓదార్చాడు. ఒకరకంగా మంచిదే జరిగిందేమో, పదేళ్ళ ఎదురుచూపు నుంచి ఆవిడకు విడుదల దొరికిందేమో అన్నాడు. ఆదివారం ప్రార్థన కూటంలో ఇద్దరు ముగ్గురు కూడా అదే అన్నారు. ఏసుకుమారి అందరికీ తలూపింది. వాళ్ళకు తెలియదు. ఆవిడ ఎదురుచూపు ముగించలేదు. ఎవరో ముగించారు. అతుకు పనిలో అదంతే, ఎవరో అల్లిన దానికి ఎవరో ముడేస్తారు. అల్లినవాళ్ళను అడగరు.

మర్నాడు రెండింటికి కిటా గుమ్మంలో నిలబడింది. లోపలినుంచి టీచరు ఎప్పటిలాగే, సహానా అమ్మ వచ్చిందని జర్మన్‌లో కేకేసింది. ఆ పిలుపు తనదేనని తెలిసి కూడా ఆమె పక్కకు తిరిగి చూసింది. సహానా పరుగెత్తుకొచ్చింది. స్వెట్టర్ చేతి అంచున దారం ఊడి వేలాడుతోంది. పిల్ల ఆ చెయ్యి పైకెత్తి చూపించి, "మామా, అబ్‌ష్నైడెన్" అంది. కత్తిరించెయ్యమని.

ఏసుకుమారి వేళ్ళు అప్పటికే ఆ కొస దగ్గరికి పోయాయి. ఆమె వాటిని చూసింది. రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని, పిడికిళ్ళు బిగించి, పిల్లను ముందు నడవమంది.